ఇంటి సంగీతం

"వదినె, జర మెల్లగ. నొస్తాంది."

ఏసమ్మ తల దువ్వుతున్నాను. ఆమె కుడిచేతికి మోచేతి దాకా పిండికట్టు. గురువారం సాయంత్రం విరిగిన చెయ్యి, ఇవ్వాళ ఆదివారం. మూడు రోజులుగా దువ్వెన పడక జుట్టు జడలు కట్టింది. చెవి వెనక దువ్వెన తగలగానే తల పక్కకు లాక్కుంది. వేలు పెట్టి చూస్తే నిమ్మకాయంత వాపు. ఈ సంగతి దవాఖానలో డాక్టరుకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

"ఇక్కడ గూడ కొట్టిండా నీ మొగడు?"

"లేదు. గోడకు తాకింది."

"గోడ వచ్చి నీకు తాకిందా? నీ తల పట్టుకొని ఎవలన్న తాకిచ్చిండ్రా?"

ఏసమ్మ మోకాళ్ళ మీదికి తల వంచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియక దువ్వెన మీద చూపించాను. రెండు పళ్ళు విరిగాయి.

"ఇయ్యాల చర్చి పెద్దల ముంగట ఇట్లనే నోరు మూసుకొని కూసో. బట్టల సంచి చేతిల పెట్టి పంపుతరు ఆని ఎంబడి."

అప్పుడు ఏడ్చింది. నేను ఈ ఇంటి కోడలినై ఎనిమిదేళ్ళు. ఆడబిడ్డ ఏడవగా నేను వినడం అదే మొదటిసారి. రెండుసార్లు చప్పుడు లేకుండా భుజాలు కదిలాయి. మూడోసారి గాలి లోపలికి పీల్చుకుంది. గొంతులో 'హిక్' మని ఒక ఎక్కిలి పడింది. దాని వెనకే సన్నగా ఏడుపు వచ్చింది.

నా చెయ్యి ఆగిపోయింది. ఆ ఎక్కిలి నాకు తెలుసు. నాకొక్కదానికే కాదు, వరంగల్లులో సగం ఊరికి తెలుసు.

నేను బడిలో టీచర్ని, నా మొగుడు సుందర్ రావు కాలేజీలో లాబ్ అటెండరు. ఊరికి మాత్రం మిమిక్రీ సుందర్ రావు. రైలు కూత కావాలన్నా, మంత్రిగారి ఉపన్యాసం కావాలన్నా ఆయన గొంతులోంచి వస్తుంది. పోయిన ఏడాది ఆయన హాస్యం క్యాసెట్టు బయటికి వచ్చింది. స్టేషన్ రోడ్డు హోటళ్ళలో, కటింగు షాపుల్లో, పెళ్ళి మైకుల్లో అదే మోత. అందులో అందరూ అడిగి మరీ వేయించుకునే దాని పేరు 'ఇంటి సంగీతం'.

మొగుడు సంగీతం మాస్టారు. పెళ్ళానికి పాట రాదు. కర్రతో తాళం వేస్తాడు, ఆమె వీపు మీద. మొదటి దెబ్బకు "వద్దయ్యో!" అంటుంది. "చాలలేదే, స్థాయి పెంచు" అని రెండోది. "సచ్చిపోత!" అంటుంది. మూడోదానికి 'హిక్' మని ఎక్కిలి, తరవాత కీచుగా "నా చెయ్యి, నా చెయ్యి!" "ఆఁ, ఇప్పుడు పడింది శృతి" అంటాడు మాస్టారు. జనం పొట్టలు పట్టుకుంటారు. ఆ నవ్వులు కూడా క్యాసెట్టులో ఉన్నాయి. మా చర్చి క్రిస్మస్ ప్రోగ్రాంలో రికార్డు చేసిన నవ్వులు అవి. నేను మొదటి వరసలో కూర్చున్నాను. నా నవ్వు విడిగా వినిపిస్తుంది.

ఛీ. రాస్తుంటేనే నోరు చేదవుతోంది.

ముందు గదిలో ఎవరో నవ్వారు. దువ్వెన చేతిలో అలాగే పట్టుకొని వెళ్ళాను. క్యాసెట్ల దుకాణం సారంగపాణి కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. మా ఆయన లుంగీలో, సగం గడ్డం గీసుకొని, బ్రష్షు చేతిలో పట్టుకొని నిలబడ్డాడు.

"రెండో భాగం రేపు రికార్డింగు పెట్టుకుందాం అన్నా. సంగీతం మాత్రం మళ్ళ ఉండాలె. ఈసారి అత్తను గూడ కలుపు. ఆ ఎక్కిలి ఉన్నది సూడు, అది జర పొడుగు తియ్యి. జనం దానికే పడిపోతాండ్రు."

"సారంగపాణీ," అన్నాను, "మీ ఇంట్ల ఆడోళ్ళు ఇంటరా అది?"

"ఇనకేంది వదినమ్మా? మా ఆమెనే అందరికన్న ఎక్కువ నవ్వుతది."

"ఒకపాలి ఆమె చెయ్యి ఇరగ్గొట్టి వినిపియ్యి. అప్పుడు నవ్వుతదేమో సూడు."

అతని కాలు కిందికి దిగింది. "గట్లంటే ఎట్ల వదినమ్మా! మేం ఎవల్నన్న కొడ్తున్నమా? నవ్విస్తాన్నం. జనం అడుగుతాండ్రు, ఇస్తాన్నం. అండ్ల మా తప్పేమున్నది?"

"రేపు జనం అడిగితే మీ అమ్మను కొట్టినట్టు గూడ చేపిస్తవా?"

"విమలా!" అన్నాడు మా ఆయన.

సారంగపాణి చెప్పులు వేసుకున్నాడు. "అన్నా, మళ్ళొస్త. ఇంట్ల మూడ్ బాగలేనట్టున్నది" అని వెళ్ళిపోయాడు. మూడ్! లోపలి గదిలో చెయ్యి విరిగిన మనిషి ఉందని వాడికి తెలుసు. నిన్ననే వచ్చి పలకరించి పోయాడు.

తలుపు దగ్గరగా వేశాను.

"ఆ ఎక్కిలి ఎక్కడ నేర్చుకున్నరు?"

"ఏ ఎక్కిలి?"

"ఇప్పుడు ఆ లోపలి అర్రల విన్న. అదే ఎక్కిలి. ఒక్క పిసరు తేడా లేదు."

అద్దం వైపు తిరిగాడు. మిగిలిన సగం గడ్డం గీయడం మొదలుపెట్టాడు. "చిన్నప్పుడు ఏసమ్మ గట్లనే ఏడ్చేది. ఎప్పటిదో గుర్తుండి చేసిన. దానికేమైతది? పేరు పెట్టి చేసిన్నా?"

"చిన్నప్పుడు 'నా చెయ్యి' అని ఏడ్చేదా?"

"అది కల్పన. కళ అంటరు దాన్ని. నీకు సమజ్ కాదు."

"మరి ఇయ్యాల పెద్దల ముంగట ఏమంటరు? ఆమెను మనింట్ల ఉంచుకుంటమని చెప్పరా?"

"పెద్దలు ఎట్లంటే గట్ల. కొట్టిండని రుజువైతే ఉంటది. కాకుంటే ఆమె సంసారం ఆమెది. నేను నడుమ ఎవన్ని?"

నడుమ ఎవడు! తోడబుట్టినవాడు. నేను ఇంకో మాట అనేలోపే గుమ్మంలో గాజుల చప్పుడైంది.

సమ్మమ్మ. మిల్లు లైను ఇళ్ళలో ఏసమ్మ వాళ్ళ పక్క గది ఆమెది. నర్సంపేట వైపు మనిషి. మొగుడు కట్టయ్య మిల్లులో లోడింగు చేస్తాడు. బట్టలో మూట కట్టిన జొన్న రొట్టెలు నా చేతిలో పెట్టి, లోపలికి రమ్మన్నా రాకుండా గడప మీదే కూర్చుంది. ఏసమ్మ వచ్చి తలుపు పక్కన నిలబడింది. ఆమె చెయ్యి చూసి సమ్మమ్మ తల దించుకుంది.

"సమ్మమ్మా, మీ రెండిండ్లకు ఒక్కటే గోడ," అన్నాను. "ఇమ్మానుయేలు తన పెండ్లాం సైకిలు మీదికెల్లి పడ్డదని చెప్తాండు. గురువారం నువ్వు ఇంట్లనే ఉన్నవ్. ఇన్నవా లేదా?"

"ఇన్న టీచరమ్మా."

"మరి ఎందుకు పోలే?"

సమ్మమ్మ కొంగు చివర వేలికి చుట్టింది, విప్పింది.

"మా లైనంతట్ల టేపు ఒక్క ఇమ్మానుయేలు ఇంట్లనే ఉన్నది. పొద్దుమూకంగ పెడ్తడు. గోడ సన్నది, మా ఇంట్ల కూసుండే ఇంటం. సప్పుడు తక్కువైతె గోడ మీద రెండుసార్లు తడ్తం. పెంచుమని. మూడుసార్లు తడితె మళ్ళ మొదటికెల్లి ఎయ్యుమని. అందరికి అదే అలవాటు."

"అయితే?"

"గురువారం బియ్యం ఏరుతాన్న. 'వద్దయ్యో' అని ఇనవడ్డది. ఇగ సంగీతం పెట్టిండనుకున్న. మా ఆయన గూడ గోడ కాడికి జరిగిండు. సప్పుడు సరిగ లేదే అన్నడు." ఆగింది. "గంటె తీసుకొని రెండుసార్లు తట్టిన."

"పెంచుమనా?"

"పెంచుమని."

మా ఆయన కత్తి పట్టుకున్న చెయ్యి అద్దం ముందు ఆగిపోయింది.

"పెరిగింది టీచరమ్మా," అంది సమ్మమ్మ. "తట్టంగనే సప్పుడు పెరిగింది. మేం నవ్వినం."

తలుపు దగ్గర నుంచి ఏసమ్మ, ఎవరినీ తప్పు పట్టనట్టు, మామూలు గొంతుతో అంది:

"నాకు తట్టింది ఇనవడ్డది సమ్మక్కా. ఎవలో ఇన్నరు, ఇగ వస్తరనుకున్న. అందుకే ఇంకింత గట్టిగ మొత్తుకున్న."

సమ్మమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. నేను పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. వచ్చేసరికి మా ఆయన గడ్డం పూర్తిచేసి, తెల్ల చొక్కా వేసుకుని, ఆరాధనకు టైమైందని సైకిలు బయట పెట్టాడు.

* * *

ఆరాధన అయ్యాక చర్చి వెనక హాల్లో కూర్చున్నారు. పాస్టరయ్యగారు, వారి పక్కన సంఘ పెద్ద సాంబయ్య తాత, ఇంకో నలుగురు పెద్దలు. ఇమ్మానుయేలు చంకలో పాటల పుస్తకం. తల నున్నగా దువ్వుకుని, అందరికీ వంగి వందనాలు చెప్పాడు. నాకు కూడా చెప్పాడు. నేను తీసుకోలేదు.

"సైకిలు మీద కూసోపెట్టుకొని వస్తాంటే మడికొండ కాడ గుంతల పడ్డదయ్యగారు," అన్నాడు. "నా పెండ్లాన్ని నేనెందుకు కొడ్త? అడుగుండ్రి, లైనుల ఎవల్నన్న అడుగుండ్రి."

సమ్మమ్మను అడిగారు. పాపం, ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. పొద్దున మా గడప మీద చెప్పిందే మళ్ళీ చెప్పింది. సంగీతం పెట్టాడనుకున్నానని, తట్టానని.

ఇమ్మానుయేలు మొహం వెలిగిపోయింది. నేను చూశాను. అప్పటికప్పుడు దొరికింది వాడికి.

"అదే అయ్యగారు! అదే చెప్దామనుకుంటున్న. టేపే పెట్టిన ఆ పొద్దు. ఈమె పట్టీ ఏసుకొని పండుకున్నది, మనసు బాగైతదని నేనే పెట్టిన. బావ క్యాసెట్టే గద!"

"అబద్ధం," అన్నాను.

"విమలమ్మా, నీ వంతు వచ్చినప్పుడు మాట్లాడు," అన్నాడు సాంబయ్య తాత. "ఆ క్యాసెట్టు వినిపిస్తె తెలుస్తది గద. ఎవలింట్లనన్న ఉన్నదా?"

ఎవరింట్లోనా? పాస్టరయ్యగారి ఇంట్లోనే ఉంది. టేప్ రికార్డరుతో సహా అయిదు నిమిషాల్లో వచ్చింది. నొక్కారు.

"వద్దయ్యో!"

పెద్దలంతా గంభీరంగా కూర్చున్నారు. రెండో దెబ్బకు ఒకాయన మీసం సర్దుకున్నాడు. మూడోదానికి ఎక్కిలి వచ్చింది. సాంబయ్య తాత తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం దాగలేదు. క్యాసెట్టులో జనం విరగబడి నవ్వుతున్నారు, ఎదురుగా పిండికట్టుతో ఆ మనిషి కూర్చుని ఉంది, వీళ్ళు నవ్వు ఆపుకోవడానికి తంటాలు పడుతున్నారు. మంచివాళ్ళే వీళ్ళు. ఎవరింట్లో జబ్బు చేసినా పరిగెత్తుకొచ్చి ప్రార్థన చేసేవాళ్ళే. నాకు వాళ్ళ మొహాలు చూడబుద్ధి కాలేదు.

"బంద్ చెయ్యుండ్రి," అన్నారు పాస్టరయ్యగారు. ఆయన ఒక్కరే నవ్వలేదు. "సమ్మమ్మా, నువ్వు ఇన్నది ఇదేనా?"

"ఇట్లనే ఉన్నదయ్యా. టేపో, మనిషో... నాకు తేడా తెల్వకచ్చింది."

"రెండు ఒక్కతీరుగ ఉంటె మేం ఏమని తీర్పు చెప్పాలె?" అన్నాడు సాంబయ్య తాత, కళ్ళు తుడుచుకుంటూ. "సాక్ష్యం లేదు. ఇమ్మానుయేలు మంచిగ చూసుకుంటనని అందరి ముంగట మాటిస్తె, బిడ్డ ఇయ్యాలనే ఇంటికి పోతది. ఏమంటవ్ సుందర్ రావ్?"

"మీ మాటే నా మాట తాతా," అన్నాడు నా మొగుడు.

ఇమ్మానుయేలు లేచి ఏసమ్మ పక్కనున్న బట్టల సంచి అందుకోబోయాడు. ఆమె ఎడమచేత్తో సంచి వెనక్కి లాక్కుంది.

"రెండు ఒక్కతీరుగ ఎందుకున్నయో మా అన్నను అడుగుండ్రి."

ఏసమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"రెండేండ్ల కింద, సీతాఫలాల కాలం. ధర్మసాగర్ కెల్లి ఒక సంచి నిండ సీతాఫలాలు తెచ్చి మా గుమ్మంల పెట్టి పోయిన మనిషి ఎవలో అడుగుండ్రి. ఆ పొద్దు తలుపు దగ్గరికేసి ఉన్నది. గొళ్ళెం గూడ లేదు. లోపట నేను మూడుసార్లు మొత్తుకున్న. మూడోసారి 'నా చెయ్యి' అన్న. బయట సైకిలు స్టాండు తీసిన సప్పుడు ఇనవడ్డది. మా అన్న సైకిలు సప్పుడు నాకు తెల్వదా? తర్వాత తలుపు తీస్తె సంచి ఉన్నది. మనిషి లేడు." ఆమె గొంతు పెంచలేదు. "అందుకే క్యాసెట్ల మూడే ఉన్నయ్ అయ్యగారు. నాలుగోది ఆయన ఇనలేదు. పోయిండు."

నాకు ఒక్కసారిగా ఆ రోజంతా గుర్తుకొచ్చింది. సంచి లేకుండా ఇంటికి వచ్చాడు. ఏసమ్మ వాళ్ళ ఇల్లు తాళం వేసి ఉంది, గుమ్మంలో పెట్టొచ్చానన్నాడు. నేను రొట్టెల పిండి కలుపుతున్నాను. ఆయన చేతులు కూడా కడుక్కోకుండా అద్దం ముందు నిలబడి, "విమలా, కొత్తది దొరికింది, ఇను" అన్నాడు. చేసి వినిపించాడు. ఎక్కిలితో సహా. పిండి చేతులతో కడుపు పట్టుకొని నవ్వాను. చీరకు పిండి అంటింది కూడా.

"సుందర్ రావ్," అన్నారు పాస్టరయ్యగారు. "నిజమేనా? ఆ పొద్దు నువ్వు విన్నవా? నువ్వు విన్ననంటే ఈమెకు సాక్ష్యమున్నట్టే. బిడ్డను పంపం."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఏసమ్మ మాత్రం తిరగలేదు, నేల చూస్తోంది. ఒక్క మాట చాలు. విన్నాను అంటే చాలు. ఊళ్ళో పేరు పోతుంది, రేపటి రికార్డింగు పోతుంది. చెల్లెలు మిగులుతుంది.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. స్టేజీ ఎక్కేముందు అలాగే సవరించుకుంటాడు. నాకు అప్పుడే అర్థమైంది.

"తలుపుకు తాళమున్నదయ్యగారు," అన్నాడు, నిండుగా, స్పష్టంగా, మైకు ముందు మాట్లాడినట్టు. "నేను పోయేసరికి ఇంట్ల ఎవలు లేరు. సంచి పెట్టి వచ్చిన. నేనేం వినలే."

ఏసమ్మ తలెత్తి అన్నను చూసింది. రెండుసార్లు భుజాలు కదిలాయి. మూడోసారి గాలి పీల్చుకుంది. 'హిక్' మని ఎక్కిలి పడింది.

పెద్దల్లో ఒకాయన నవ్వాడు.

కావాలని కాదు. అలవాటు. నోట్లోంచి దూకింది, వెంటనే దగ్గుగా మార్చుకున్నాడు. కానీ అందరం విన్నాం. ఏసమ్మ కూడా వింది. సంచి మీద ఆమె పట్టు సడలింది. ఇమ్మానుయేలు దాన్ని అందుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

"విమలా, కూసో."

అది మిమిక్రీ సుందర్ రావు గొంతు కాదు. సన్నగా, భయంగా, నేను ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ వినని గొంతు. నేను ఆయన వైపు చూడలేదు.

"అయ్యగారూ, తాళం లేదు," అన్నాను. "ఈయన విన్నడు. ఆ పొద్దే ఇంటికొచ్చి నాకు చేసి వినిపించిండు. నేను నవ్విన." నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. "మళ్ళొకపాలి చెయ్యుమని నేనే అడిగిన."